పట్టు

తకసాకిలో జనవరి గాలికి తడి ఉండదు.
అకగి కొండ దిగి వచ్చి
ఆరేసిన తువ్వాలును అట్టముక్క చేసి పోతుంది.
దానికి ఎదురు సైకిలు తొక్కి
ఎనిమిదింటికల్లా పరీక్షగది తాళం తీస్తాను.
ఇరవై ఆరేళ్లుగా నా ఉద్యోగం
విరగ్గొట్టడం.

ఇవాళ పెట్టెలో నలభై ముక్కలు.
ఒక్కోటీ అరిగిపోయిన రబ్బరంత.
గాజుదారపు నేత, దాన్ని తడిపి గట్టిపడ్డ ఎపాక్సీ,
పొర మీద పొర, మళ్లీ పొర.
కొన్ని గంజి రంగు, కొన్ని పలచటి టీ,
అట్టడుగువి మాడిన బెల్లం.
ఎవరెంత కాలం కోబాల్టు ఎదుట కూర్చున్నారో
చీటీ చదవకుండానే చెప్పగలను.

కోబాల్టును నేను చూశాను, నీళ్ల అడుగున.
నీలంగా, నిమ్మళంగా ఉంటుంది.
కొట్టదు. కోయదు.
బంక లోపలి గొలుసుల్లో
ఇక్కడో కొక్కెం అక్కడో కొక్కెం విప్పుతూ పోతుంది.
విడిపోయిన కొసకు పక్కది దొరికితే కొత్త ముడి,
దొరక్కపోతే అంతే.

మొదటి మోతాదు ముక్కలు
మామూలువాటికన్నా కాస్త ఎక్కువే మోశాయి.
"బలం పెరిగింది ఫుమియె గారూ!"
కొత్తగా చేరిన శుగో కుర్చీలోంచి లేచాడు.
నేనేమీ అనలేదు.
జ్వరం ఎక్కేటప్పుడు మనిషి మాటలు కూడా
మొదట చురుగ్గానే ఉంటాయి.

మధ్యాహ్నం బెల్లం రంగువి పెట్టాం.
రెండు గుండ్రటి ఊతాల మీద ముక్క,
నడుమ మీదికి మెల్లగా దిగే ఉక్కు ముక్కు.
టప్పున విరగాలి.
విరగలేదు.
తడిసిన పేకముక్కల కట్టలా
ఒకదాని మీంచి ఒకటి జారింది.
తెర మీద అంకె సగానికి పడి
అక్కడా ఆగలేదు.

"దారం తెగిందా?" అన్నాడు శుగో.
సూక్ష్మదర్శిని అతని వైపు తిప్పాను.
ఒక్క పోగూ తెగలేదు.
కడిగి ఆరబెట్టినట్టు నున్నగా, శుభ్రంగా ఉన్నాయి.
అంత శుభ్రంగా ఉండటమే తప్పు.
ఒంటికి ఒక్క బంకపెచ్చు అయినా అంటుకుని ఉండాల్సింది.

మా నాయనమ్మ తొమె
పదమూడో ఏట పట్టుమిల్లులో చేరింది.
సలసలలాడే నీళ్లలో వేళ్లు ముంచి
గూళ్ల కొసలు వెతికేది.
"పురుగు దారం ఒక్కటే కక్కదే, బంకా కక్కుతుంది.
నీళ్లు విప్పేది బంకనే.
దారానికి ఏమవుతుంది? అది గట్టిదే.
గూడు మాత్రం ఇక ఉండదు" అనేది,
ముడతలు పడ్డ వేలిముద్రల్లేని వేళ్లతో
నా జడ అల్లుతూ.

ఇంకో పెట్టె సముద్రం ఒడ్డు రియాక్టరు నుంచి వచ్చింది.
అందులోవి మరీ అన్యాయం.
ఆ గాజులో బోరాన్ కలిసి ఉంది.
బయట న్యూట్రాన్ తలుపు తడితే
లోపల్నుంచి గడియ తీసేది అదే.
ఇంటిదొంగ.
తీసి, తానూ రెండు ముక్కలై,
దారానికీ బంకకీ మధ్య సందులో పేలుతుంది.

ఈ ముక్కలు ఎవరికోసమో
నాకు సరిగ్గా చెప్పరు.
ఎక్కడో కట్టబోయే అయస్కాంతమట,
గడ్డకట్టే చలిలో ముప్పై ఏళ్లు ఉండాలట,
ఒకసారి మూత వేశాక
మనిషి చెయ్యి లోపలికి పోదట.
లోపల ఏ రోజు ఏ పొర జారుతుందో
చూసేవాళ్లుండరు.
అందుకని ముందే ఇక్కడ,
నా బల్ల మీద, జారాలి.

యంత్రం పైన ఒంటికన్ను దరుమ బొమ్మ.
రెండో కన్ను ఈ ఏడాది దిద్దుదామనుకున్నాం.
శుగో కుంచె సిరా అన్నీ తెచ్చుకున్నాడు పాపం,
సొరుగులో పెట్టేశాడు.
బంక మార్చి, బోరాన్ లేని గాజుతో
మార్చిలో మళ్లీ పంపుతారట.

నివేదికలో 'ఎలా విఫలమైంది' అన్న గడి ఉంది.
పొరలు జారినవి, నలభైలో ముప్పై మూడు అని రాశాను.
కింద ఖాళీ మిగిలింది.
దారాలు బాగున్నాయి అని కూడా రాసి,
అది ఎవరూ అడగలేదని గుర్తొచ్చి,
కొట్టెయ్యకుండా వదిలేశాను.